మరాంజానో వధ: ప్రమాణవిచారము

సిసిలీ ద్వీపపు వాయవ్యతీరమునఁ ద్రాపని మండలమునందు కస్తెల్లమ్మారె దెల్ గోల్ఫొ యను పట్టణము కలదు. ఇటాలియను భాషలోఁ 'గస్తెల్లొ' యనఁగాఁ గోట. 'మారె' యనఁగా సముద్రము. 'గోల్ఫొ' యనఁగా సింధుశాఖ. సింధుశాఖయందలి సముద్రదుర్గమని యా పేరున కర్థము. మన నీతిశాస్త్రములు చెప్పు జలదుర్గమును దలపించు నా యూర 1886వ సంవత్సరము జూలై 31వ తేదీని సాల్వటోరే మరాంజానో జన్మించెను. నలువదియైదేండ్ల తరువాత, 1931వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీని, న్యూయార్కు నగరమున నొక గొప్ప మేడయొక్క తొమ్మిదవ యంతస్తున నాతఁడు పట్టపగలు చంపఁబడెను. ఈ రెంటి నడుమ జరిగినది యాతని చరిత్రము. ఆతఁడు చచ్చిన పిమ్మటఁ బుట్టిన దొక కథ. ఆ కథ దాదాపు నలువదేండ్లు చరిత్రమని చెల్లినది. ఈ రెంటిని వేఱుపఱచుట ప్రస్తుతాంశము.

చోరుల చరిత్రముతోఁ బండితులకుఁ బనియేమి యని యడుగవచ్చును. మృచ్ఛకటికమున శర్విలకుఁడు చతుర్వేదవిదుఁడైన తండ్రికిఁ బుట్టిన బ్రాహ్మణుఁడు. కన్నము వేయునప్పుడు జందెమును గొలత్రాడుగా వాడుకొనెను. శూద్రకకవి యాతనిని విడువలేదు. మరాంజానోయు నించుక యట్టివాఁడే. పిన్ననాఁడు మతగురువగుటకై చదివెననియు, లాటిను నేర్చెననియు, జూలియస్ సీజరు చరిత్రమునం దాతనికి మక్కువ మెండనియుఁ జెప్పుదురు. అనుచరుఁడైన జోసెఫ్ బొనాన్నో 1983లోఁ బ్రకటించిన స్వీయచరిత్రమున నాతనిని మిక్కిలి కొనియాడెను. వేఱొక యనుచరుఁడు జోసెఫ్ వలాచి, ఆతఁడు తన కంటికి బ్యాంకి యధికారివలెఁ గనఁబడె ననెను.

ఇట్టివారి కూటమునకు లోకమున 'మాఫియా' యని పేరు. ఈ శబ్దముయొక్క వ్యుత్పత్తిని గూర్చి యొక విచిత్రకథ వ్యాపించియున్నది. క్రీ. శ. 1282వ సంవత్సరము మార్చి 30వ తేదీని, ఈస్టరు పండుగ మఱునాఁడు, పలేర్మో నగరమున సాయంప్రార్థన వేళ సిసిలీ ప్రజలు తమ్మేలుచున్న ఫ్రెంచివారిపైఁ దిరుగఁబడి వారిని నఱికిరి. దీనికి 'సిసిలీ వెస్పర్సు', అనఁగా సిసిలీ సాయంప్రార్థన, యని పేరు నిలిచినది. నాఁటి తిరుగుబాటుదారుల నినాదము 'ఫ్రాన్సునకుఁ జావు కలుగవలె నని యిటలీ కోరుచున్నది' యను నర్థముగల యిటాలియను వాక్యమనియు, అందలి పదముల మొదటి యక్షరములు కలియఁగా 'మాఫియా' యేర్పడెననియు నా కథ. 13వ శతాబ్దపు సిసిలీవాఁ డిటలీదేశము పేర నినాదము చేయుటయే యసంభావ్యము; పదముల తొలియక్షరములఁ గూర్చి క్రొత్తపదము చేయు వాడుక యంతకంటె నర్వాచీనము. ఈ శబ్దమునకు వ్యాప్తి తెచ్చినది 1863లోఁ బలేర్మో చెఱసాలవారిని గూర్చి యాడఁబడిన 'ఇ మఫియూసి ది లా వికారియా' యను నాటకము. ధాతువు తెలియనిచోఁ గథ కల్పించుట నిరుక్తము కాదు. అయినను వెస్పర్సు పేరును జదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. అది మరల వచ్చును.

మరాంజానో 1925 ప్రాంతమున నమెరికాకు వచ్చెను. ముస్సోలీని సిసిలీయందలి యీ కూటములను నిర్మూలింపఁబూని చేసారె మోరి యను నధికారిని 1924లోఁ ద్రాపనికిని, 1925 అక్టోబరులోఁ బలేర్మోకును బ్రిఫెక్టుగాఁ బంపెను. కస్తెల్లమ్మారె త్రాపనిలోనిదే గనుక మోరిభయమున మరాంజానో వలసపోయె ననుట కాలమునకు విరుద్ధము కాదు. అంతమాత్రమున సిద్ధమును గాదు.

అమెరికాలో నప్పటికి మద్యనిషేధశాసన మమలులో నుండెను. 1920 జనవరి 17వ తేదీని మొదలై 1933 డిసెంబరు 5వ తేదీని రద్దయిన యీ శాసనకాలమునఁ ద్రాగువారు మానలేదు. అమ్మువారు మాత్రము మాఱిరి. అనుమతిపత్రములు గల దుకాణదారుల లాభము దొంగసారా ముఠాలకుఁ బోయెను. కోర్టునకుఁ బోఁజాలని వ్యాపారమునఁ దగవులు తీర్చునది తుపాకియే కదా. బ్రూక్లిను భాగమునఁ గస్తెల్లమ్మారె నుండి వచ్చినవారు గుంపుగా నివసించుచుండిరి. మరాంజానో వారి నడుమఁ జేరి, నగరమునకు దూరముగా డచ్చెస్ మండలమునఁ బొలముల నడుమ సారాబట్టీలు నడపించెను. మఱియొక వ్యాపారమును గలదు. 1924వ సంవత్సరపు వలసచట్ట మిటలీనుండి యేఁటికి 3,845 మందినిమాత్రమే రానిచ్చుచుండెను. అంతకుముందు లక్షలకొలఁదిగా వచ్చిన దేశమున కిది తలుపు మూయుటయే. కావున దొంగదారిని మనుష్యులను దెచ్చుట లాభసాటి యయ్యెను. పైకి మాత్ర మాతఁడు స్థిరాస్తుల వర్తకుఁడు.

నాఁటి న్యూయార్కు ముఠాలలో మిక్కిలి బలవంతుఁడు జుజెప్పె మస్సేరియా. వీఁడును 1886లోనే పుట్టినవాఁడు. ఊరు సిసిలీలోని మెన్ఫి. 1922 ఆగస్టులోఁ బ్రతిపక్షులు నడివీధిని వెంబడించి కాల్చఁగా నీతని గడ్డిటోపీకి రెండు బెజ్జములు పడెనే గాని దేహమునకు గాయము కాలేదు. నాఁటినుండి గుండ్లను దప్పించుకొనువాఁడని పేరు పొందెను. ఇటాలియనులు నడపు ప్రతివ్యాపారమునుండియుఁ దనకుఁ గప్పము రావలెనని యీతని పట్టుదల. కస్తెల్లమ్మారెవారి నాయకుఁడు నికోలా స్కీరో యడిగిన సొమ్మిచ్చి యూరు విడిచిపోయెను. విడువక నిలిచినవాఁడు మరాంజానో.

1930వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీని బ్రాంక్సు భాగమున మంచుగడ్డల వ్యాపారమును జేతిలోఁ బెట్టుకొన్న గయితానో రీనా కాల్చఁబడెను. కస్తెల్లమ్మారె యుద్ధమునకు దీనినే మొదలుగా లెక్కింతురు. రీనా మస్సేరియా పక్షమువాఁడే. లోలోపల నెదుటిపక్షమునకు మొగ్గినందునఁ జంపించె నని చెప్పుదురు. మే 31న డిట్రాయిటు నగరమునఁ గస్తెల్లమ్మారె వాఁడైన గస్పారె మిలాజ్జోయు, జూలై 15న బ్రూక్లినులో వీతో బొన్వెంత్రెయుఁ జచ్చిరి. ఆగస్టు 15న మస్సేరియాకు మంత్రివంటి వృద్ధుఁడు జుజెప్పె మొరెల్లో చచ్చెను. అక్టోబరు 23న షికాగోలో మరాంజానో మిత్రుఁడు జో అయెల్లో కూలెను; ఇందు షికాగో నాయకుఁడు అల్ కపోనీ పగయే ప్రధానకారణము. నవంబరు 5న మస్సేరియా పక్షమువారైన మినేయో, ఫెర్రిగ్నో లిరువురు బ్రాంక్సులో నొక్క ముహూర్తముననే చంపఁబడిరి. ఈ తుదిఘట్టమునకుఁ గాపున్నవారిలో వలాచి యొకఁడు. ఇవియన్నియుఁ దేదీతో, స్థలముతో, శవముతోఁ గూడిన మరణములు. ఈ మాట ముందు పనికివచ్చును.

యుద్ధము సాగినకొలఁది వ్యాపారము చెడెను. మస్సేరియా పక్షమున ముఖ్యుఁడైన చార్లెస్ లూచియానో, సిసిలీలోని లెర్కారా ఫ్రిద్దిలో 1897లోఁ బుట్టినవాఁడు, తన నాయకునినే యప్పగించుటకు మరాంజానోతో సంధి చేసికొనెనని యందఱు నంగీకరించిరి. 1931 ఏప్రిల్ 15వ తేదీని కోనీ ఐలండునందలి నువోవా విల్లా తమ్మారో యను భోజనశాలలో మస్సేరియా కాల్చఁబడెను. ఆ సమయమున లూచియానో చేతులు కడుగుకొనుటకై లోపలికిఁ బోయియుండెనని లోకప్రసిద్ధము. దీనిని విశదముగా వర్ణించు లూచియానో స్మృతిగ్రంథము 1974లో వెలువడినంతనే దాని ప్రామాణ్యము శంకింపఁబడెను. మృతుని చేత నిస్పేటు ఆసు ఉన్నట్లొక ఛాయాచిత్రము గలదు. చావునకు గుఱుతని భావింపఁబడు నా యొక్క ముక్కయే యాతని చేతఁ జిక్కుట పత్రికవారి చేతిపని యని పలువుర యనుమానము. ఈ హత్యకు శిక్షపడినవాఁ డొకఁడును లేఁడు.

గెలిచిన మరాంజానో బ్రాంక్సులో నొక పెద్దసభ చేసెను. నాలుగైదువందలమంది వచ్చిరని వలాచి వాఙ్మూలము. న్యూయార్కు ఇటాలియను ముఠాల నైదు 'కుటుంబములు'గా నేర్పఱచి, ఒక్కొక్క కుటుంబమునకు నాయకుని, ఉపనాయకుని, వారిక్రింద దళపతులను నియమించె నని వలాచి చెప్పెను. తాను వీరందఱిపై 'కాపో ది తుత్తి ఇ కాపి' యయ్యెను. 'నాయకు లందఱియొక్క నాయకుఁడు' అని మాటకు మాట. ఇచటి షష్ఠి యెట్టిదని వైయాకరణుఁ డడుగవచ్చును. నిర్ధారణషష్ఠియైనచో నాయకులలో నుత్తముఁ డని యర్థము. వాఁడును నాయకులలో నొకఁడే. శేషషష్ఠియైనచో నాయకులకుఁ బ్రభువు, వారికి వెలియైనవాఁడు. మొదటి యర్థమును లూచియానో మొదలగువారు సహించి యుందురు. రెండవ యర్థమును సాధింపఁబూనుటయే మరాంజానో చావునకుఁ గారణము. జయోత్సవవిందులకని లక్ష డాలర్లకుఁ బైఁబడి కానుకలు పుచ్చుకొనెననియు, లూచియానో, కపోనీ, ఫ్రాంక్ కాస్టెల్లో మొదలగువారిని జంపింపఁ దలపెట్టెననియు వలాచియే చెప్పెను. మస్సేరియా యడిగిన కప్పమునే యీతఁడును నడిగెను. తేడా లాటినుభాష యొక్కటియే.

గ్రాండ్ సెంట్రల్ స్టేషను వెనుక, పార్కు అవెన్యూ 230వ నంబరు మేడ యప్పటికి రెండేండ్ల క్రిందటఁ గట్టఁబడినది. అందు మరాంజానో కార్యాలయముండెను. సెప్టెంబరు 10వ తేదీ మధ్యాహ్నము మూఁడు గంటలు కావచ్చుచుండఁగాఁ గొందఱు పురుషులు సర్కారు ఉద్యోగులమని చెప్పి లోపలఁ బ్రవేశించి, అచటనున్నవారిని గోడకు మొగము చేసి నిలువఁబెట్టి, మరాంజానోను లోపలియఱకుఁ గొనిపోయి కత్తులతోఁ బొడిచి తుపాకులతోఁ గాల్చిరి. సోదాకు సర్కారువారు వత్తురని యాతఁ డంతకుముందే యెదురుచూచుచు, తనవారిని దుపాకులు తేవలదని కట్టడి చేసియుండెనని వలాచి చెప్పెను. పంపినవాఁడు లూచియానో యనుటలో భేదాభిప్రాయము లేదు. వచ్చినవారిలో మరాంజానో యెఱుఁగని యూదుజాతివారుండిరని సామాన్యాభిప్రాయము. మస్సేరియా చచ్చి యప్పటికి నైదుమాసములైనను నిండలేదు.

ఇంతవఱకుఁ జరిత్రము. ఇఁకఁ గథ. మరాంజానో చచ్చిన గడియలోనే, లేదా యా యొకటి రెండు దినములలో, అమెరికాదేశమంతటఁ బాతకాలపు సిసిలీ నాయకులు పదులకొలఁదిగా నొక్కయాజ్ఞచేఁ జంపఁబడిరనియు, ఆ విధమున యువకులు ముదుసలులను దుడిచిపెట్టి దేశవ్యాప్తమైన యొక్క సంస్థను స్థాపించిరనియు నా కథాసారము. దీనికి 'సిసిలీ వెస్పర్సు రాత్రి' యని పేరు పెట్టిరి. హత్య జరిగినది మధ్యాహ్నము. అది రాత్రి యెట్లయ్యెనో పేరు పెట్టినవారే యెఱుఁగుదురు.

సాక్షులను వరుసగాఁ బరిశీలింపవలెను. మొదటివాఁడు డిక్సీ డేవిసు. ఈతఁడు డచ్ షుల్ట్జ్ యను ముఠానాయకుని న్యాయవాది. 1939లోఁ గోలియర్సు పత్రికలోఁ దన కథను బ్రకటించుచు, తొంబదిమంది చచ్చిరని వ్రాసెను. ఈ సంఖ్య యాతనికెట్లు తెలిసెను? షుల్ట్జు అనుచరుఁడు బో వైన్‌బర్గు చెప్పఁగా వినెనఁట. ఆ వైన్‌బర్గు 1935లోనే యదృశ్యుఁడయ్యెను. మరల నడుగుటకు వీలులేదు. రెండవది 1951లో వెలువడిన 'మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్' గ్రంథము. దీనికర్తలలో బర్టన్ టర్కస్ బ్రూక్లిను ప్రాసిక్యూటరుగాఁ బనిచేసినవాఁడు. ఇందు సంఖ్య ముప్పది నలువదికి దిగెను. మూఁడవవాఁడు వలాచి. ఈతఁడు 1962లోఁ జెఱసాలయందుఁ దన్నుఁ జంపవచ్చిన వాఁడని భ్రమించి వేఱొక ఖైదీని జంపి, యావజ్జీవశిక్ష పొంది, 1963లో సెనేటు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. తాను దగ్గఱనుండి చూచినదానిని గూర్చి యాతని మాటకు విలువ కలదు. ఈ సంహారమును గూర్చి మాత్ర మాతఁడు పేరు చెప్పఁగలిగినవారు వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినవారే. నాలవవాఁడు డొనాల్డ్ క్రెస్సీ యను నపరాధశాస్త్రపండితుఁడు. 1969లో నీతఁడు వ్రాసిన గ్రంథమున నలువదిమంది ప్రాంతమని కథ నిలిచినది. విశ్వవిద్యాలయాచార్యుని గ్రంథమునఁ జేరినపిమ్మటఁ గథకు విద్వద్గౌరవము గలిగెను.

నైయాయికులు శబ్దప్రమాణమును నిరూపించునపుడు ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమందురు. ఉన్నదానిని యథార్థముగా నెఱిఁగి, యెఱిఁగినట్లు చెప్పఁగోరువాఁ డాప్తుఁడు. ఈ నలువురలో నీ విషయమున నొక్కఁడును యథార్థమెఱిఁగినవాఁడు కాఁడు. తొంబది నలువదియగుట, నలువది ముప్పదియగుట సంఖ్యాభేదము మాత్రమే కాదు. నలువురును వేఱువేఱు మూలములనుండి యొక్క యంశమును జెప్పియుండినచో బలము హెచ్చును. ఒకని మాట యొకఁడు విని సంఖ్యను దోఁచినట్లు మార్చినచో నందఱు నొక్కసాక్షియే. ఆ సాక్షియు విన్నవాఁడే గాని కన్నవాఁడు కాఁడు.

పరీక్ష మిక్కిలి సులువైనది. నాఁటి పత్రికలను దెఱచి చూడవలెను. 1976లో హంబర్ట్ నెల్లీ యను చరిత్రకారుఁడు పలు నగరముల పత్రికలను వెదకి యీ కథకు నాధారము కానఁడయ్యెను. 1978లో ఆలన్ బ్లాక్ యను పండితుఁడు మరాంజానో మరణమునకు ముందు రెండువారములు, వెనుక రెండువారములు అనేక నగరముల పత్రికలను జూచెను. న్యూయార్కు ప్రాంతమున మరాంజానో గాక ముగ్గురు తేలిరి. ఒకఁడు జేమ్స్ లెపోర్. సెప్టెంబరు 10వ తేదీనే బ్రాంక్సులో మంగలిదుకాణముకడఁ గాల్చఁబడెను. లూయీ రూసో, శామ్యూల్ మొనాకో లిరువురు న్యూజెర్సీవారు. అదే దినమునఁ గానరాకపోయి, వారి శవములు 13వ తేదీని న్యూఆర్కు అఖాతమునఁ దేలెను. పిట్స్‌బర్గులో జోసెఫ్ సిరగూసా 13వ తేదీని చంపఁబడెను. దీనికిని మరాంజానో మరణమునకును సంబంధమున్న దనుట కేవల మూహ. తొంబదిలో మిగిలినది నలుగురు.

పత్రికలలో లేనంతమాత్రమున జరుగలేదని యెట్లు చెప్పుదురు, శవములను దాఁచియుండవచ్చును గదా యని యాక్షేపింపవచ్చును. దీనికి మీమాంసకులు సమాధానము చెప్పియే యున్నారు. భాట్టులు అనుపలబ్ధి నాఱవ ప్రమాణముగా గ్రహించిరి. కాని యూరక కనఁబడకపోవుట ప్రమాణము కాదు. చీఁకటియింటఁ గుండ కనఁబడకున్న లేదనరాదు. వెలుతురుండి, కన్నులుండి, ఉన్నచోఁ గనఁబడి తీరవలసిన కుండ కనఁబడనపుడే లేదనుట ప్రమాణము. దానికే యోగ్యానుపలబ్ధి యని పేరు. 1931లో నమెరికా పత్రికలకు ముఠాహత్యకంటె రుచియైన వార్త లేదు. అంతకుముందు జరిగిన యుద్ధమునఁ జచ్చిన ప్రతివాని తేదీయు వీధియు దొరకుచున్నవి. రూసో, మొనాకోల శవములను నీటఁ బడవైచినను మూఁడుదినములలోఁ దేలినవి. పదులకొలఁది నాయకు లొక్కదినమున మాయమైనచో వారి భార్యలు, బిడ్డలు, పోలీసువారు, ఆ స్థానముల కెగఁబడు క్రొత్తవారు, అందఱు నేకముగా నూరకుండిరని నమ్మవలెను. ఇది చీఁకటియిల్లు కాదు, పట్టపగటి వాకిలి.

నమ్మినవారు మూఢులు కారు. న్యాయవాది, ప్రాసిక్యూటరు, సెనేటరులు, ఆచార్యుఁడు. ప్రాసిక్యూటరునకు గొప్పశత్రువు కావలెను. శత్రువు గొప్పవాఁడైనకొలఁదిఁ దన పనియు గొప్పదగును. ముఠావానికిఁ దన సంస్థ సర్వశక్తిమంత మనిపించుట లాభకరము; భయమే వాని మూలధనము. ఆచార్యునకు సంస్థ పుట్టినదినము నిర్ణయమైనఁ బటము గీయుట సులువు. ఈ మూఁడు కోరికలు నొక్కచోఁ గలియుటచేఁ గథకుఁ బత్రికలతోఁ బనిలేకపోయెను.

ఇట్టి కథలచే నష్టమేమి యనరాదు. దేశమంతట నొక్కయాజ్ఞ ననుసరించు సిసిలీవారి రహస్యరాజ్యము గలదను నమ్మిక మరాంజానోకంటె ముందుది. 1890 అక్టోబరులో న్యూఆర్లియన్సు పోలీసు నాయకుఁడు డేవిడ్ హెన్నెస్సీ కాల్చఁబడఁగా నిటాలియనులపై నేరము మోపిరి. తొమ్మండుగురను విచారించి 1891 మార్చి 13వ తేదీని జూరీవా రాఱుగురను నిర్దోషు లనిరి. ముగ్గురను గూర్చి యేకాభిప్రాయమునకు రాలేదు. మఱునాఁ డూరిజనము చెఱసాలపైఁ బడి పదునొకండుగు రిటాలియనులను జంపిరి. వారిలో విచారణయే జరుగనివారును గలరు. నాఁడు గుంపు నోటనున్న మాట 'మాఫియా'. ఆ పదమునకు సంఖ్యలు చేర్చునపుడు పండితుఁడు లెక్క చూచుకొనవలసినది యిందువలననే.

మరాంజానో తరువాత నిజముగా జరిగినది కథకంటె స్వల్పము. తీర్చిన యైదు కుటుంబము లట్లే నిలిచినవి. ఆతని కుటుంబమునకు నిరువదియాఱేండ్ల బొనాన్నో నాయకుఁడయ్యెను. సర్వనాయకపదవిని లూచియానో తీసివైచి, నాయకు లందఱుఁ గూడి విచారించు సంఘము నేర్పఱచెను. అనఁగా షష్ఠీవివాద మాతని పక్షమునఁ దీఱెను. పెక్కు నాయకులు తమతమ స్థానములనే యుండిరి. ముదుసలులు ముసలితనముననే చచ్చిరి. లూచియానోకు 1936లో ముప్పదినుండి యేఁబదేండ్ల వఱకు శిక్ష పడెను. 1946లో విడుదలచేసి యిటలీకిఁ బంపివైచిరి. 1962 జనవరి 26వ తేదీని నేపుల్సు విమానాశ్రయమున గుండె యాగి చచ్చెను. శవమును న్యూయార్కునకుఁ దెచ్చి క్వీన్సు భాగమునందలి సెయింట్ జాన్సు శ్మశానమునఁ బెట్టిరి. మరాంజానో సమాధియు నా శ్మశానముననే కలదు.